లాస్ వేగాస్ హైస్కూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా వచ్చిన మనవాళ్లలో లాస్ వేగాస్ చూడనివాళ్లు తక్కువ. అమ్మానాన్నల్ని తీసుకొస్తే ఒక రాత్రి కాసినోల దీపాలు, మర్నాడు హూవర్ డ్యామ్, అక్కణ్ణుంచి గ్రాండ్ కేనియన్. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు ఏ బడికి వెళ్లారో ఎవరూ అడగరు. పాత కాసినోలున్న ఫ్రీమాంట్ వీధి హోరు నుంచి పది నిమిషాలు నడిస్తే ఏడో వీధిలో 1930 నాటి బడి ఒకటి ఉంది. దాని సంగతి నేను ఎత్తినప్పుడల్లా మిత్రులు వరసగా ఇవే ప్రశ్నలు వేస్తుంటారు. ఆ జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఇది ప్రభుత్వ బడేనా? హైస్కూలు అంటే ఏ తరగతులు?

ప్రభుత్వ బడే. ఫీజు లేదు, ఊరి పన్నులతో కట్టింది, ఊరి పిల్లలందరిదీ. అమెరికాలో హైస్కూలు అంటే మన తొమ్మిది, పది తరగతులకు ఇంటర్ రెండేళ్లు కలిపినంత. అంటే పద్నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు.

పేరు విషయంలో మాత్రం ఒక తిరకాసు ఉంది. ఏడో వీధిలో ఉన్న పాత భవనం ఇప్పుడు లాస్ వేగాస్ హైస్కూలు కాదు. ఆ పేరున్న బడి 1993లో ఊరికి తూర్పు చివర సహారా అవెన్యూ మీద కట్టిన కొత్త ప్రాంగణానికి వెళ్లిపోయింది. పాత భవనంలో ఇప్పుడు నడుస్తున్నది లాస్ వేగాస్ అకాడమీ అనే కళల బడి. అదీ ప్రభుత్వానిదే. ఇక్కడ చెబుతున్న చరిత్రలో ఎక్కువ భాగం ఆ పాత భవనానిది.

అసలు ఆ ఎడారిలో ఊరు ఎలా వెలిసింది?

నీళ్ల వల్ల. స్పానిష్‌లో 'లాస్ వేగాస్' అంటే పచ్చిక బయళ్లు. మొహావే ఎడారి నడిమధ్య భూమిలోంచి ఊటలు పొంగి గడ్డి మొలిచే చోటు అది. పాత బాటసారులు పశువుల్ని అక్కడ ఆపి నీళ్లు పట్టేవారు. 1855లో మార్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు వచ్చి చిన్న మట్టికోట కట్టుకున్నారు, కొన్నాళ్లకే వదిలి వెళ్లారు. ఏడాదికి సగటున నాలుగు అంగుళాలే వాన పడే నేల. వేసవిలో నలభై డిగ్రీలు దాటడం రోజువారీ మాట. ఆ ఊటలు కూడా తోడగా తోడగా 1962 నాటికి పైకి రావడం ఆగిపోయింది.

ఊరు పుట్టింది 1905 మే 15న. లాస్ ఏంజెలెస్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి రైలుమార్గం వేసిన కంపెనీకి ఇంజిన్లకు నీళ్లు పట్టే చోటు కావలసి వచ్చింది. స్టేషను ఎదురుగా ఉన్న ఖాళీ నేలని స్థలాలుగా విడగొట్టి ఎండలో వేలం వేశారు. ఆ రైలు కంపెనీ యజమాని మోంటానా సెనేటర్ విలియం క్లార్క్. 1909లో ఏర్పడిన క్లార్క్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) ఆయన పేరే పెట్టారు. స్టేషను దగ్గర మెయిన్ వీధి, తర్వాత ఒకటో వీధి, రెండో వీధి, అలా తూర్పుకి అంకెలు పెరుగుతూ పోతాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, బడి గొడవకి ఇది కావాలి.

ఆ రోజుల్లో ఊళ్లో ఎంతమంది ఉండేవారు?

1920లో 2,304 మంది. 1930లో 5,165. మన వైపు అయితే దాన్ని మేజర్ పంచాయతీ అంటారు.

పైగా ఒక్క యజమాని మీద బతికే ఊరు. రైలు ఆగితే పొయ్యి ఆగుతుంది. 1922లో రైల్వే కార్మికులు సమ్మె చేశాక, కంపెనీ మరమ్మతుల షెడ్లు ఎత్తేసి కాలియెంటి అనే ఊరికి తరలించింది. వందల కుటుంబాలకు జీతం పోయింది. ఆ దెబ్బ తిన్న జనం దగ్గరికి వెళ్లి 'పెద్ద బడి కడదాం, డబ్బివ్వండి' అని అడగడం మామూలు ధైర్యం కాదు.

ఆ ధైర్యం ఎవరిది?

మోడ్ ఫ్రేజియర్. ఈమె గురించి చెప్పకుండా ఈ బడి గురించి చెప్పడం కుదరదు, అందుకని కొంచెం ఎక్కువే చెబుతాను.

1881లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పల్లెటూళ్లో పుట్టింది. 1906లో, ఇరవై అయిదేళ్ల ఒంటరి ఆడపిల్ల, ఇంట్లో వాళ్లకి ఇష్టం లేకపోయినా నెవాడాకి టీచరుగా వచ్చింది. మొదట జెనోవా అనే చిన్న ఊరు. ఆ తర్వాత గనుల ఊళ్లు: సెవెన్ ట్రఫ్స్, బీటీ, గోల్డ్‌ఫీల్డ్. బంగారమో వెండో దొరికిందంటే రాత్రికి రాత్రి వేలమంది చేరే ఊళ్లు, అది అయిపోతే గాలికి తలుపులు కొట్టుకునే ఊళ్లు. నిన్నటిదాకా పిల్లలతో కిక్కిరిసిన గది ఏడాది తిరిగేసరికి ఖాళీ అవడం ఆమెకు కొత్త కాదు. అటువంటి చోట్ల పని చేసిన మనిషి లాస్ వేగాస్‌లో మాత్రం ఊరి కంటే పెద్ద బడి కట్టాలని పట్టుబట్టింది. ఈ చరిత్ర అంతటిలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచే విషయం అదే.

1921లో ఆమె దక్షిణ నెవాడాకి డిప్యూటీ స్టేట్ సూపరింటెండెంట్ అయింది. మన డీఈవో వంటి ఉద్యోగం, కాని జిల్లా కాదు, నాలుగు కౌంటీలు: క్లార్క్, లింకన్, నై, ఎస్మెరాల్డా. మొత్తం సుమారు 40,000 చదరపు మైళ్లు. ఇంచుమించు తెలంగాణ అంత నేల. అందులో రోడ్డు అని చెప్పుకోదగ్గది తక్కువ, మనుషులు ఇంకా తక్కువ. ఒక పాత డాడ్జ్ కారు కొనుక్కుని దానికి 'టెడ్డీ' అని పేరు పెట్టుకుంది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ముద్దుపేరు అది. ఆయన నడిపిన దళాన్ని 'రఫ్ రైడర్స్' అనేవారు, ఈ కారు కూడా ఎముకలు కదిలేలా పరుగెత్తేది కాబట్టి. ఆ కారులో ఎడారి అంతా తిరిగి, అయిదారుగురు పిల్లలున్న బడిని కూడా వదలకుండా తనిఖీ చేసేది.

1927లో లాస్ వేగాస్ బడుల సూపరింటెండెంట్‌గా వచ్చింది. హైస్కూలు ప్రిన్సిపాల్ బాధ్యత కూడా ఆమెదే. 1946లో రిటైరయ్యే దాకా ఆ ఊరి చదువు ఆమె చేతిలోనే నడిచింది.

బడి కట్టడానికి ఎంత ఖర్చయింది? ఎందుకు గొడవ చేశారు?

3,50,000 డాలర్లు. ఆ డబ్బు బాండ్ల ద్వారా అప్పు తెచ్చారు. అమెరికాలో బడి కోసం అలా అప్పు తేవాలంటే ఊరి ఓటర్లు ఒప్పుకోవాలి, ఆ అప్పు తీరేది వాళ్లు కట్టే ఆస్తి పన్నులోంచే. 1930 జనాభాతో భాగిస్తే చంటిపిల్లలతో సహా తలకి 68 డాలర్ల దాకా పడుతుంది.

అభ్యంతరాలు రెండు. మొదటిది, మరీ పెద్దది. అయిదు వందల మంది పిల్లలు పట్టేలా ప్లాను గీయించింది ఫ్రేజియర్. అయిదువేల మంది ఊళ్లో హైస్కూలు వయసు పిల్లలు అయిదు వందల మంది ఎక్కడున్నారు? లేరు. రెండోది, మరీ దూరం. ఏడో వీధి అంటే అప్పటికి ఊరి పొలిమేర, అవతల ఎడారి తుప్పలు. అంత దూరం పిల్లలు ఎలా వెళతారని అడిగారు. ఇందాక చెప్పిన వీధుల లెక్క చూడండి: రైలు స్టేషను నుంచి ఎనిమిది వీధులు! ఇప్పుడు నవ్వొస్తుంది కాని, ఊరు అంతటితో అయిపోయేది కాబట్టి వాళ్లకది దూరమే. అప్పు చేసి కట్టాక ఊరు కూడా గనుల ఊళ్లలా పాడుబడితే, ఆ గోడలకి పన్ను కట్టేది ఎవరు? ఆ భయంలో తప్పు లేదు. అటువంటి ఊళ్లు చుట్టుపక్కల కళ్ల ముందే ఉన్నాయి.

ఫ్రేజియర్ ఒకరొకరినీ ఒప్పించుకుంటూ వెళ్లింది. ఓటింగులో బాండ్లు నెగ్గాయి. 1930లో బడి తెరిచారు.

ఆమె లెక్క నిజమైందా?

బడి తెరిచిన మర్నాటి నుంచే కాదు కాని, త్వరలోనే. దాని వెనక కారణం కొలరాడో నది. నది మీద ఆనకట్టకి అనుమతినిచ్చే బౌల్డర్ కేనియన్ చట్టం మీద 1928 డిసెంబరులో అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం చేశాడు. ఆ వార్త వచ్చిన రోజు లాస్ వేగాస్‌లో పండగ చేసుకున్నారు. 1931లో పని మొదలైంది. దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉపాధి లేక అల్లాడుతున్న రోజులు. పని దొరుకుతుందని విని కుటుంబాలతో కార్లలో, రైళ్లలో వచ్చి ఎడారిలో గుడారాలు వేసుకున్నారు. పని జోరు మీదున్న 1934లో ఆనకట్ట మీద 5 వేల పైచిలుకు మంది ఉన్నారు. అదే ఇప్పటి హూవర్ డ్యామ్.

కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం బౌల్డర్ సిటీ అని వేరే ఊరు కట్టింది కాని, లాస్ వేగాస్ కూడా ఊరుకోలేదు. 1931లోనే నెవాడా శాసనసభ జూదాన్ని చట్టబద్ధం చేసింది, విడాకులకు ఆరు వారాల నివాసం చాలు అంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి పక్కనే సైనిక విమానాల మీద తుపాకీ కాల్చడం నేర్పే శిక్షణ కేంద్రం, హెండర్సన్ దగ్గర మెగ్నీషియం కర్మాగారం వచ్చాయి. జనాభా 1940లో 8,422. 1950లో 24,624. 1960లో 64,405.

మరీ పెద్దదన్న బడి పట్టక, మిగతా చోట్ల హైస్కూళ్లు కట్టవలసి వచ్చింది. 1954లో రాంచో హైస్కూలు వచ్చేదాకా లాస్ వేగాస్ నగరానికి ఉన్న ప్రభుత్వ హైస్కూలు ఇదొక్కటే. కాసినోలో పేకముక్కలు పంచే డీలర్ కొడుకు, రైల్వే గార్డు కూతురు, హోటలు యజమాని పిల్లలు, గదులు ఊడ్చే ఆమె పిల్లలు, అందరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లారు.

భవనం చూస్తే ఏదో పాత గుడిలా ఉంటుంది, ఏమిటా శైలి?

ఆర్ట్ డెకో. 1920ల చివర, 30ల మొదట్లో ప్రపంచమంతా పాకిన పద్ధతి. నిలువు గీతలు, మెట్లు మెట్లుగా పైకి లేచే గోడలు, పలకల మీద చెక్కినట్టుండే నమూనాలు. ఈ బడి మీద ఆ నమూనాలు మెక్సికో అజ్టెక్ ఆలయాల వరసలో ఉంటాయి, అందుకని దీన్ని 'అజ్టెక్ మోడర్న్' అని కూడా అంటారు. గీసింది రీనో నగరానికి చెందిన జార్జ్ ఫెర్రిస్, ఆయన కొడుకు లేమన్ ఫెర్రిస్. తండ్రీకొడుకులిద్దరూ నెవాడా అంతటా ప్రభుత్వ భవనాలు కట్టినవాళ్లు.

కౌంటీ కచేరీకో బ్యాంకుకో చేసినట్టు ఒక బడి గోడల మీద అంత పనితనం ఎందుకని అడిగేవాళ్లుంటారు. చవగ్గా రేకుల షెడ్డు వేసినా పాఠాలు జరిగేవి. కాని ఎడారిలో పుట్టిన పిల్ల ప్రతి ఉదయం తలెత్తి చూడదగ్గ గోడ ఒకటి ఉండాలని ఎవరో అనుకున్నారు, ఊరు దానికి డబ్బు కట్టింది. నాకు అది దుబారాగా ఎప్పుడూ అనిపించలేదు.

1986లో చదువుల భవనం, జిమ్ రెండింటినీ కలిపి చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో చేర్చారు. బడి వచ్చాక దాని చుట్టూ పుట్టిన ఇళ్ల పేట కూడా 1991లో అదే రిజిస్టరుకి ఎక్కింది. పొలిమేర అన్న చోటే ఊరికి పెద్దవాళ్ల పేట అయిందన్నమాట.

నల్లజాతి పిల్లల్ని ఈ బడిలో చేర్చుకునేవారా?

చేర్చుకునేవారు. నల్లజాతి పిల్లలను ప్రభుత్వ బడుల నుంచి వెలివేయడం చెల్లదని నెవాడా సుప్రీంకోర్టు 1872లోనే తీర్పిచ్చింది. ఊళ్లో హైస్కూలు ఒక్కటే కాబట్టి అందరూ అక్కడికే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోలా వాళ్లకి వేరే హైస్కూలు కట్టలేదు.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. బడి గేటు తెరిచి ఉన్నా ఊరు తెరిచి లేదు. 1930ల నుంచీ నల్లజాతి కుటుంబాలను రైలు పట్టాలకి అవతల, వెస్ట్‌సైడ్ అనే పేటలోకి నెట్టారు. అక్కడ చాలాకాలం తారురోడ్డు లేదు, కాలవల్లేవు. కాసినోల్లో వంటగది పని దొరికేది, ముందు తలుపులోంచి లోపలికి రానిచ్చేవారు కాదు. వేదిక మీద పాడి చప్పట్లు అందుకున్న పెద్ద పెద్ద గాయకులు కూడా రాత్రి పడుకోడానికి వెస్ట్‌సైడ్ వెళ్లవలసిందే. నల్లజాతి వివక్షకి పేరుమోసిన దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ; 'పడమటి మిసిసిపీ' అన్న పేరు లాస్ వేగాస్‌కి ఊరికే రాలేదు. ఆ పేట పిల్లలు ఈ బడిలో తెల్ల పిల్లల పక్కన కూర్చుని లెక్కలు చేసి, బడి వదిలాక వాళ్లతో కలిసి సోడా తాగడానికి ఫ్రీమాంట్ వీధిలో కూర్చోలేకపోయారు. 1960 మార్చిలో, పంటి డాక్టరు జేమ్స్ మెక్‌మిలన్ నాయకత్వంలో హక్కుల సంఘం ఊరేగింపుకి సిద్ధపడ్డాక, మూలాన్ రూజ్ హోటల్లో జరిగిన ఒప్పందంతో కాసినోల తలుపులు తెరుచుకున్నాయి.

బడుల సంగతి అక్కడితో తెమలలేదు. ఇళ్లు ఒకే పేటలో ఉండడంతో చిన్నపిల్లల బడులు వాటంతటవే వేరయ్యాయి. 1968లో చార్లెస్ కెల్లర్ అనే లాయరు కేసు వేశాడు. దాన్ని కెల్లీ వర్సెస్ గిన్ అంటారు. కెల్లీ అంటే లాయరు కాదు, ఆయన ఎవరి తరఫున వాదించాడో వాళ్ల పేరు. గిన్ అంటే కేసు నడిచిన రోజుల్లో బడుల సూపరింటెండెంట్ కెన్నీ గిన్, తర్వాత రాష్ట్ర గవర్నరయ్యాడు. తీర్పు ప్రకారం 1972లో పెట్టిన పథకం ఇది: వెస్ట్‌సైడ్ ప్రాథమిక బడులన్నీ ఆరో తరగతి కేంద్రాలు. తెల్ల పిల్లలు ఆ ఒక్క ఏడాది బస్సెక్కి అక్కడికి రావాలి. నల్లజాతి పిల్లలు మిగతా పదకొండేళ్లూ బస్సెక్కి బయటికి వెళ్లాలి. ఒకరికి ఒక ఏడాది, ఒకరికి పదకొండు. దీన్ని సమానం అని పిలిచారు. తల్లిదండ్రులు పోరాడగా పోరాడగా 1990ల మొదట్లో ఎత్తేశారు.

అణుబాంబు పరీక్షలు బడి నుంచి కనిపించేవా?

నెవాడా పరీక్షా స్థలం ఊరికి వాయవ్యంగా 65 మైళ్లు. మొదటి బాంబు 1951 జనవరి 27న, తెల్లవారకముందు వేశారు. 1950లలో భూమి పైన పేల్చిన బాంబుల వెలుగు లాస్ వేగాస్ ఊరంతా చూసింది, కిటికీ అద్దాలు అదిరాయి. ఊరు దాన్ని వేడుకలా చేసుకుంది. కౌంటీ అధికార ముద్రలో కూడా పుట్టగొడుగు మబ్బు బొమ్మ పెట్టుకున్నారు. గాలి లాస్ వేగాస్ వైపు వీచని రోజులు చూసి పేల్చేవారు కాబట్టి రేడియోధార్మిక ధూళి ఎక్కువగా తూర్పున యూటా పల్లెల మీద పడింది. బాధితులకి పరిహారం ఇచ్చే చట్టం 1990లో గాని రాలేదు. ఆ వెలుగుని సంబరంగా చూసిన తరం పిల్లలే ఈ బడిలో చదివారు.

యూనివర్సిటీ కూడా ఈ బడిలోనే మొదలైందని విన్నాను. నిజమా?

నిజం. 1951 దాకా నెవాడా రాష్ట్రానికి ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఒక్క రీనోలోనే ఉండేది. లాస్ వేగాస్ నుంచి నాలుగు వందల మైళ్ల పైమాట. హైస్కూలు అయ్యాక డబ్బులున్న పిల్లలు కాలిఫోర్నియాకో యూటాకో వెళ్లేవారు, లేనివాళ్లు పనిలో చేరేవారు. ఆ ఏడాది సెప్టెంబరులో జేమ్స్ డికిన్సన్ అనే అధ్యాపకుణ్ణి రీనో నుంచి పంపారు. విద్యార్థులు 28 మంది. గదులు లేవు. హైస్కూలు ఆడిటోరియంలో నాటకాలప్పుడు వేషాలు వేసుకునే గదులుంటే, వాటిలో పాఠాలు చెప్పారు. దాదాపు ముప్పై వేలమంది చదువుతున్న లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం, యూఎన్ఎల్వీ, అలా మేకప్ అద్దాల ముందు పుట్టింది. మన పిల్లలు కూడా అక్కడ ఎమ్మెస్ చేస్తున్నారు.

ఇక్కడ ఫ్రేజియర్ మళ్లీ వస్తుంది. రిటైరయ్యాక 1948లో శాసనసభకి పోటీ చేసి ఓడిపోయింది. 1950లో మళ్లీ నిలబడి గెలిచింది, పన్నెండేళ్లు ఉంది. అక్కడ ఆమె పట్టిన పట్టు ఒకటే, దక్షిణానికి కాలేజీ. రీనో వైపు ఉత్తర నెవాడా సభ్యులు అడ్డం తిరిగారు. చివరికి 1955లో డబ్బు మంజూరైంది, అయితే స్థలానికి సొమ్ము ఊరివాళ్లే తెచ్చుకోవాలన్నారు. దాని కోసం నడిపిన ఉద్యమం పేరు పోర్చ్‌లైట్. చందా ఇచ్చేవాళ్లు ఆ సాయంత్రం వాకిలి దీపం వెలిగించి ఉంచాలి, హైస్కూలు పిల్లలు దీపమున్న ఇంటి తలుపు తట్టి పట్టుకెళ్లాలి. నియాన్ దీపాలకి పేరుపడ్డ ఊళ్లో జనం వాకిళ్లలో దీపాలు పెట్టుకుని పిల్లల కోసం ఎదురు చూశారు. 1957 సెప్టెంబరులో మేరీలాండ్ పార్క్‌వే మీద కొత్త ప్రాంగణం తెరిచారు. మొదటి భవనానికి మోడ్ ఫ్రేజియర్ హాల్ అని పేరు పెట్టారు.

ఫ్రేజియర్ చివరికి ఏమైంది?

1962లో నెవాడా లెఫ్టినెంట్ గవర్నరు (గవర్నరుకి తర్వాతి పదవి) రెక్స్ బెల్ హఠాత్తుగా చనిపోతే, గవర్నర్ గ్రాంట్ సాయర్ ఆ పదవిలో ఆమెను నియమించాడు. ఆ రాష్ట్రంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి స్త్రీ. అప్పటికి ఆమెకు 81 ఏళ్లు. 1963లో కన్నుమూసింది. యూనివర్సిటీలో ఆమె పేరున్న హాలుని తర్వాత కూల్చేశారు, ఆ చోట ఇప్పుడు పచ్చిక ఉంది. ఏడో వీధి బడి మాత్రం నిలబడింది.

'ఎముక ఆట' అంటే ఏమిటి?

లాస్ వేగాస్ హైస్కూలుకీ రాంచో హైస్కూలుకీ ప్రతి ఏటా జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ. గెలిచిన బడికి కప్పు ఉండదు, 'సర్ హెర్కిమర్స్ బోన్' అని ఒక ఎముక ఇస్తారు! అడవిపిల్లి గుర్తున్న ఈ బడికీ, పొట్టేలు గుర్తున్న రాంచోకీ మధ్య మొదటి నుంచీ ఉన్న పంతం అది. పాత విద్యార్థులు తాతలయ్యాక కూడా ఏ ఏడాది ఎముక ఎవరి దగ్గరుందో చెప్పగలరు.

రిథమెట్స్ అంటే?

ఆడపిల్లల కవాతు నృత్య బృందం. వరసలో అందరూ ఒకే మనిషిలా కాలు లేపి కాలు దించడం వాళ్ల ప్రత్యేకత. వాళ్లని తీర్చిదిద్దిన వ్యాయామ టీచరు ఎవలిన్ స్టకీ. పెద్ద పెద్ద హోటళ్లలో డ్యాన్సర్లని చూడటానికి ప్రపంచం వస్తున్న ఊళ్లో, ఊరివాళ్లు మాత్రం తమ పిల్లల్ని చూడటానికి ఊరేగింపుల్లో రోడ్డు పక్కన నిలబడేవారు. స్టకీ పేరు మీద ఇప్పుడొక ప్రాథమిక పాఠశాల ఉంది.

పేరున్నవాళ్లు ఎవరైనా చదివారా?

రిచర్డ్ బ్రయన్. 1955లో ఈ బడి నుంచి బయటికొచ్చి, నెవాడా గవర్నరూ ఆ తర్వాత సెనేటరూ అయ్యాడు. కళల బడిగా మారాక నటుడు మాథ్యూ గ్రే గుబ్లర్, నటి రుటీనా వెస్లీ అక్కడ చదివారు.

బడిని ఎందుకు తరలించారు? భవనం పాడైందా?

పాడవలేదు. ఊరు మళ్లీ దాన్ని దాటి పోయింది. 1990 నాటికి నగర జనాభా 2,58,295. కుటుంబాలన్నీ ఊరి అంచుల్లో కొత్త కాలనీలకి వెళ్లాయి. ఏడో వీధి చుట్టూ లాయర్ల ఆఫీసులు, కోర్టులు మిగిలాయి. ఆటస్థలం పెంచుకోడానికి చోటు లేదు, కార్లు పెట్టుకోడానికి లేదు. పిల్లలున్న చోటికి బడి వెళ్లాలన్నది సరైన మాటే. 1930లో ఊరికి మరీ తూర్పు అన్న బడి, 1993లో తూర్పు వైపు పిల్లలకి మరీ పడమర అయింది. పేరు, అడవిపిల్లి గుర్తు, ఎముక పోటీ అన్నీ కొత్త బడితో పాటు వెళ్లాయి.

పాత భవనాన్ని అమ్మేసి ఉంటే ఆ స్థలంలో ఏం వచ్చేదో చెప్పక్కర్లేదు. పాత కాసినోల్ని బాంబు పెట్టి కూల్చడం కూడా చూడముచ్చటగా జరుపుకునే ఊరు అది. అటువంటి చోట పిల్లలు లేని బడి బతకడం కష్టం. దాన్ని మ్యూజియం చెయ్యకుండా కళల బడి చెయ్యడం కౌంటీ బడులన్నీ నడిపే స్కూలు జిల్లా చేసిన మంచి పనుల్లో ఒకటి. బడి బడిగానే మిగిలింది.

మా అమ్మాయికి సంగీతం వచ్చు. అకాడమీలో సీటు వస్తుందా?

క్లార్క్ కౌంటీ స్కూలు జిల్లాలో ఉంటున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీన్ని మాగ్నెట్ స్కూలు అంటారు. ఇంటి చిరునామాని బట్టి కాకుండా, ఆసక్తిని బట్టి జిల్లా మొత్తం నుంచి పిల్లలు వస్తారు. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ వంటి విభాగాలున్నాయి. ఆడిషన్ ఉంటుంది. ఫీజు ఉండదు. తేదీలు ఏటా మారతాయి కాబట్టి జిల్లా విద్యాశాఖ వాళ్ల దగ్గరే కనుక్కోండి.

వెళ్లి చూడొచ్చా?

రోడ్డు మీద నుంచి చూడొచ్చు. నడుస్తున్న బడి కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు, పిల్లల ఫోటోలు తియ్యకండి. ఫ్రీమాంట్ వీధిలో తూర్పుకి నడిచి ఏడో వీధి దగ్గర కుడివైపు తిరిగితే కొద్ది దూరంలోనే కనిపిస్తుంది. చిరునామా 315, సౌత్ సెవెంత్ స్ట్రీట్. జూన్, జూలైల్లో అయితే ఉదయం ఎనిమిది లోపు వెళ్లండి, నీళ్ల సీసా మర్చిపోకండి. ఎండ ఏటవాలుగా పడే వేళకి గోడ మీది నమూనాలు నీడలతో బాగా తేలి కనిపిస్తాయి. పనిదినం అయితే ఏ గదిలోంచో వయొలిన్ సాధన వినిపించవచ్చు.